జూన్ నెల, ఆరున్నర ఆట

జర్మనీకొచ్చిన తెలుగువాళ్ళు ఎన్నో ఘనకార్యాలు చేశారు. గుండెలకి ఆపరేషన్లు చేశారు, కార్లకి ఇంజన్లు గీశారు, కంప్యూటర్లకి బుద్ధులు నేర్పారు. కానీ నలభై కార్ల నిండా జనాన్ని పిలిచి, ఊరి బయట పొలంలో నిలబెట్టి, మూడున్నర గంటల సేపు ఖాళీ తెరని చూపించింది మాత్రం నేనొక్కణ్ణే. ఇంతవరకు ఆ రికార్డు జోలికి ఎవరూ రాలేదు. వస్తారన్న బెంగ కూడా నాకు లేదు.

ఆ తెర ఒక ఆటోకినోది. ఆటోకినో అంటే కార్లో కూర్చుని చూసే సినిమా హాలు. హాలంటే గోడలుండవు, పైకప్పుండదు. పెద్ద మైదానం, చివర తాటిచెట్టంత తెర. కారు తీసుకెళ్ళి తెర ముందు ఆపి, కార్లో రేడియో పెడితే సినిమా మాటలూ పాటలూ అందులో వినిపిస్తాయి. వాల్డార్ఫ్ అనే ఊరికి ఇరవై నిమిషాల దూరంలో ఉండేది మాది. ఇప్పుడు లేదు. అక్కడ పార్శిళ్ళ గోడౌన్ కట్టారు. అది నా వల్ల మూతపడలేదు, ముందే చెప్తున్నాను. నా తర్వాత కూడా రెండు వేసవులు నడిచింది.

ఇక ఆ రోజుల్లో నేను ఎలాంటివాణ్ణో చెప్పాలి. ఖమ్మం నుంచి మాస్టర్స్ చదవడానికి అక్టోబరులో వచ్చాను. ఫిబ్రవరి వచ్చేసరికి, అంటే నాలుగు నెలల్లో, ఈ దేశం గురించి తెలుసుకోవాల్సిందంతా తెలిసిపోయిందన్న నమ్మకం కుదిరింది. అంత గట్టి నమ్మకం మనిషికి జీవితంలో ఒక్కసారే కలుగుతుంది, అదీ ఏమీ తెలియనప్పుడు. నాకు తెలిసిన జర్మనీలో సూర్యుడు కూడా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకునే వచ్చేవాడు. పొద్దున ఎనిమిది దాటాక మబ్బు వెనక నుంచి ఒకసారి మొహం చూపించి, సాయంత్రం ఐదింటికల్లా ఇంటికి వెళ్ళిపోయేవాడు. వేసవి అనే సరుకు నేనింకా చూడలేదు.

ఫిబ్రవరిలో మా తెలుగు సంఘం మీటింగ్ జరిగింది. అధ్యక్షుడు డాక్టర్ మాధవరావు గారు. గుంటూరు వైపు మనిషి. నేను పుట్టకముందే ఈ దేశం వచ్చి, ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. "జూన్‌లో ఏం చేద్దాం?" అని ఆయన అడిగితే, అందరూ అలవాటు ప్రకారం "పిక్నిక్" అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"పిక్నిక్ ఎవరైనా పెడతారండీ. మనం తెలుగు సినిమా వేద్దాం. ఆటోకినోలో. మొత్తం నేను చూసుకుంటా."

"నీకు కారుందా?" అన్నారు డాక్టర్ గారు.

"లేదండీ."

"లైసెన్సు?"

"అప్లై చెయ్యాలండీ."

కారూ లేదు, లైసెన్సూ లేదు, కార్ల సినిమాకి కన్వీనర్! అయినా డాక్టర్ గారి ముఖం వెలిగింది. "ఈ ఊరొచ్చిన కొత్తలో మా ఆవిణ్ణి తీసుకుని ప్రతి శనివారం అక్కడికే వెళ్ళేవాణ్ణయ్యా. భాష అర్థమయ్యేది కాదు. అయినా వెళ్ళేవాళ్ళం. సరే, కానియ్," అన్నారు. అలా పదవి వచ్చింది.

మర్నాడే ఆటోకినోకి వెళ్ళాను. యజమానురాలు ఫ్రావ్ బెర్గర్, అంటే శ్రీమతి బెర్గర్. అరవై దాటిన ఆవిడ, పొట్టి జుట్టు, మోకాలికి పట్టీ. టికెట్ చించేదీ, మెషీన్ నడిపేదీ, చిరుతిళ్ళ కొట్లో ఆలుగడ్డలు వేయించేదీ ఆవిడే. అదివరకు అది వాళ్ళ నాన్న ఆస్పరాగస్ పండించే చేను. దగ్గర్లో అమెరికన్ సైన్యం ఉండేది కదా, ఆ సోల్జర్లు పడవలంత కార్లు వేసుకుని సినిమాలకొచ్చేవారట. ఆవిడ ఇంగ్లీషంతా వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. తెలియని ముక్కల్ని జర్మన్‌తో అతికించి మాట్లాడేది. సోల్జర్లు వెళ్ళిపోయారు, జనం తగ్గారు. ఆ పొలం అమ్మమని పార్శిల్ కంపెనీ వాళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారు.

"ఒక్క వేసవి బాగా జరిగితే చాలు, వాళ్ళకి కుదరదని రాసేస్తా," అంది.

"మా వాళ్ళు నలభై కార్లలో వస్తారు ఫ్రావ్ బెర్గర్! జూన్ రెండో శనివారం. ఆరున్నరకి," అన్నాను.

ఆవిడ కనుబొమ్మలు పైకి లేపింది. "జూన్? ఆరున్నర? నోహ్ హెల్!"

హెల్ అంటే నరకమే అనుకున్నాను. సోల్జర్లు మాటకి ముందొకటి, వెనకొకటి హెల్ తగిలిస్తారని మనకి తెలియనిదా? ఆరున్నరకి అంతమంది వస్తే నరకమైపోతుందని ఆవిడ భయమని నాకు అర్థమైపోయింది.

"నో హెల్ ఫ్రావ్ బెర్గర్! హెవెన్! తెలుగు పీపుల్ వెరీ డిసిప్లిన్!" అని ధైర్యం చెప్పాను.

ఆవిడేమో జనం ముందే వచ్చి తిని, తాగి, పిల్లల్ని ఆడించుకుంటారు కాబోలనుకుని, పుస్తకంలో ఆరున్నరకి గేటు తియ్యాలని రాసుకుంది. నేను ఆరున్నరకి సినిమా అని పోస్టర్ వేశాను. పోస్టర్ చూసి డాక్టర్ గారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా శ్రీనివాస్, ఆరున్నరకే?"

"ఆరున్నర షార్ప్ అండీ! ఇండియన్ టైం కాదు, జర్మన్ టైం!"

"అబ్బో," అన్నారు. ఆ అబ్బోలో ఏదో ఉందని ఇప్పుడు తెలుస్తోంది. కుర్రాడు సాఫ్ట్‌వేర్ చదువుతున్నాడు, పగలు కూడా కనిపించే కొత్త తెర ఏదో పెట్టిస్తున్నాడు కాబోలనుకున్నారట ఆయన. మిగతావాళ్ళలో సగంమంది నాలాగే అక్టోబరు సరుకు. తెలిసినవాళ్ళేమో డాక్టర్ గారే ఊరుకున్నారు కదా అని ఊరుకున్నారు. ఎద్దు ఈనిందని ఒకడంటే దూడని కట్టెయ్యడానికి ఊరంతా తాళ్ళు పట్టుకొచ్చింది.

మరి మే నెలలోనైనా నీకు కళ్ళు లేవా అని మీరడగచ్చు. న్యాయమైన ప్రశ్నే. వారంలో నాలుగు సాయంత్రాలు ఒక హోటల్ నేలమాళిగలో గిన్నెలు తోమేవాణ్ణి. ఐదింటికి దిగితే పదింటికి పైకొచ్చేవాణ్ణి. మిగతా సాయంత్రాలు పరీక్షల పేరుతో లైబ్రరీ అడుగు అంతస్తులో పుస్తకం మీద తల పెట్టుకుని నిద్ర. ఉల్లిగడ్డ కూడా నాకంటే ఎక్కువ వెలుతురు చూసి ఉంటుంది.

ఆ శనివారం రానే వచ్చింది. నాలుగింటికే నేనూ, నా రూమ్మేట్ నరేషూ మైదానంలో దిగాం. నరేష్‌ది కరీంనగర్. మాట తక్కువ, అనుమానం ఎక్కువ. ఐదైంది. ఐదున్నరైంది. ఆరైంది. వాడు ఆకాశం వంక చూశాడు.

"అరే శీనూ, ఎండ జూశినవారా?"

"చూశా. ఆరున్నరకి దిగిపోద్ది."

"ఎట్ల దిగుతదిరా? ఇంకా నెత్తి మీదనే ఉన్నది!"

"ఇది జర్మనీ రా. ఇక్కడ అన్నీ టైంకి జరుగుతాయి."

వాడు చేతిలో ఉన్న కాగితం ముక్కల సంచీని, అంటే హీరో వచ్చినప్పుడు ఎగరెయ్యడానికి చింపినవి, గట్టిగా గుండెకి హత్తుకున్నాడు.

ఆరుంబావుకల్లా కార్లు బారులు తీరాయి. కార్లు లేని స్టూడెంట్లు స్టేషన్ నుంచి నడిచొచ్చారు, చంకలో మడత కుర్చీలు, చేతిలో చిన్న రేడియోలు. పట్టుచీరలొచ్చాయి, పులిహోర డబ్బాలొచ్చాయి. డాక్టర్ గారు తన పాత బెంజిని మొదటి వరసలో, తెరకి సరిగ్గా మధ్యలో ఆపారు. ఆయన భార్య వెనక సీట్లోంచి నన్ను దీవించారు.

ఆరున్నరకి మెషీన్ గదిలోకి పరిగెత్తాను.

"ఫ్రావ్ బెర్గర్, స్టార్ట్!"

"ఇప్పుడా?" అంది.

"ఇప్పుడే!"

"ఎస్ ఇస్ట్ హెల్," అంది మళ్ళీ, ఓపిగ్గా.

"మొదలుపెట్టకపోతే నిజంగానే హెల్ అవుతుంది!" అన్నాను.

ఆవిడ భుజాలు ఎగరేసి మీట నొక్కింది. నలభై రేడియోల్లో ఒక్కసారిగా డప్పులు మోగాయి. నరేష్ అలవాటుకొద్దీ కాగితాలు ఎగరేశాడు. ఈలలు పడ్డాయి. తెర మీద మాత్రం ఏమీ లేదు. ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా మెరిసిపోతోంది, పైగా పడమటి ఎండ సూటిగా దాని మీదే కొడుతోంది. హీరో వచ్చినట్టున్నాడు, విలన్ల ఎముకలు విరుగుతున్న శబ్దం వినిపిస్తోంది. ఎవరు ఎవర్ని కొడుతున్నారో ఆ దేవుడికే తెలియాలి. హారన్లు మొదలయ్యాయి.

"బొమ్మేదీ?"

"ఫోకస్, ఫోకస్!"

"లైటాపండి!" అని ఎవరో అరిచారు. ఆపాల్సిన లైటు భూమికి కోట్ల మైళ్ళ దూరంలో ఉంది.

"ఫ్రావ్ బెర్గర్, పిక్చర్ లేదు!"

ఆవిడ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, ఆకాశంలోకి వేలు చూపించింది. "హెల్," అంది. తర్వాత మెషీన్ గది లోపలి చీకట్లోకి చూపించి, "నిష్ట్ హెల్," అంది. చిన్నపిల్లాడికి ఏనుగునీ చీమనీ చూపించినట్టు రెండుసార్లు చూపించింది. అప్పుడు వెలిగింది నాకు. వాళ్ళ భాషలో హెల్ అంటే నరకం కాదు. వెలుతురు! నోహ్ అంటే ఇంకా. ఫిబ్రవరి నుంచి ఆవిడ నాకు చెబుతున్నది ఒకే ఒక్క మాట, జూన్‌లో ఆరున్నరకి పట్టపగలని.

"చీకటి... ఎప్పుడు?"

"పది," అంది.

హారన్లు ఆగడం లేదు. డాక్టర్ గారు కారు దిగి ఇటే చూస్తున్నారు. ఇక్కడి వరకు నేను చేసింది తెలివితక్కువ పని. తెలివితక్కువకి క్షమాపణ ఉంటుంది. ఆ తర్వాత చేసింది వేరు.

ఫ్రావ్ బెర్గర్ లోపలికెళ్ళి మెషీన్ ఆపేసింది. దాని పక్కన మైకు ఉంది. అందులో మాట్లాడితే ప్రతి కారు రేడియోలోనూ వినిపిస్తుంది. దాన్ని అందుకుని, గొంతు సవరించుకుని, విమానంలో పైలట్‌లా తెలుగులో చెప్పాను:

"ప్రియమైన ప్రేక్షకులకు విజ్ఞప్తి. థియేటర్ వారి ప్రొజెక్టర్ పాతది కావడంతో పాడైంది. రిపేరు జరుగుతోంది. దయచేసి సహకరించండి."

ఆ మాట అంటున్నప్పుడు ఫ్రావ్ బెర్గర్ నా పక్కనే నిలబడి ఉంది. తెలుగు రాదు కదా. నా నుదుటి మీద చెమటలు చూసి, పాపం కుర్రాడు కంగారుపడుతున్నాడని, చల్లటి నిమ్మరసం గ్లాసు నా చేతిలో పెట్టింది. తాగాను. అంత పుల్లటి నిమ్మరసం మళ్ళీ ఎక్కడా తాగలేదు.

హారన్లు ఆగాయి. జనానికి జాలేసింది. "పాపం, పాత మెషీన్లు అంతే" అనుకున్నారు. తప్పించుకున్నాననుకున్నాను. పది నిమిషాలు కూడా నిలవలేదు ఆ సంబరం.

డాక్టర్ గారు నేరుగా చిరుతిళ్ళ కొట్టు దగ్గరికి వెళ్ళి, చక్కటి జర్మన్‌లో ఆవిణ్ణి ఓదార్చడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళుగా చూస్తున్న మెషీన్ పాడైందని విని చాలా బాధ కలిగిందనీ, చీకటిపడేలోపు బాగవుతుందా అనీ, తెలిసిన మెకానిక్ ఉన్నాడు పిలవమంటారా అనీ.

ఆవిడ చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది. "నా మెషీన్ పాడైందని ఎవరన్నారు?"

డాక్టర్ గారు నా వైపు చూశారు. ఆవిడా చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా నిమ్మరసం గ్లాసులోకి చూశాను.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. ఏప్రన్ తీసి కౌంటర్ మీద పెట్టి, కుంటుకుంటూ నా దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది. డాక్టర్ గారు ఒక్కో ముక్కా నాకు తెలుగులో అందించారు.

"మా నాన్నని పాతిపెట్టిన రోజు సాయంత్రం కూడా నేను సినిమా వేశాను. ఈ తెర ఏనాడూ ఆగలేదు. ఈ ఊళ్ళో నాకున్నది ఆ పేరొక్కటే. ఇప్పుడు నలభై కార్ల వాళ్ళు ఇంటికెళ్ళి ఏం చెప్పుకుంటారు?"

డాక్టర్ గారు తనవి కూడా రెండు ముక్కలు కలిపారు. "సూర్యుడి సంగతి తెలియకపోవడం తప్పు కాదయ్యా. నాకూ మొదటి ఏడాది తెలియలేదు. కానీ ఈవిడ చేతి నిమ్మరసం తాగుతూ..." ఆ వాక్యం ఆయన పూర్తి చెయ్యలేదు. మత్తు డాక్టరు కదా, సూది ఎక్కడ గుచ్చాలో బాగా తెలుసు.

ఆవిడ మైకు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ భాషలో చెప్పు. తర్వాత నాకు అర్థమయ్యే భాషలో చెప్పు."

అరచెయ్యి అడ్డం పెట్టి సూర్యుణ్ణి ఆపలేరని పెద్దలు ఊరికే అనలేదు. మైకు అడ్డం పెట్టినా ఆగడు. గొంతులో పైలట్ పోయాడు. ఖమ్మం కుర్రాడే మిగిలాడు.

"అందరికీ నమస్కారమండీ. నేను శ్రీనివాస్‌ని. ఇందాక అబద్ధం చెప్పాను. మెషీన్ బాగానే ఉంది. జూన్‌లో పదింటిదాకా పొద్దు ఉంటుందని నాకు తెలీదు. తెలుసుకోలేదు. ఫ్రావ్ బెర్గర్ గారు ఫిబ్రవరిలోనే చెప్పారు, నాకు అర్థం కాలేదు. తప్పు నాది. ఆవిడది కాదు."

ఇక జర్మన్‌లో చెప్పాలి. నాకొచ్చిన జర్మన్ అంతా రొట్టె కొనుక్కోవడానికీ, ఇంటి అడ్రసు రిజిస్టర్ చేయించుకోవడానికీ సరిపోయేది. క్షమాపణ పాఠం ఇంకా రాలేదు. పాడైపోయిందనడానికి కపుట్ అంటారని మాత్రం తెలుసు, హోటల్లో రోజూ గ్లాసులు పగలగొట్టేవాణ్ణి కాబట్టి. మైకులో అన్నాను:

"ప్రొయెక్టోర్ నిష్ట్ కపుట్. ఇష్ కపుట్."

మెషీన్ పాడవలేదు, నేను పాడయ్యాను అని.

మొదటి వరసలోంచి బెంజి హారన్ మోగింది. డాక్టర్ గారి భార్య వెనక సీట్లోంచి ముందుకి వంగి నొక్కారు. ఆ తర్వాత పక్క కారు, ఆ పక్క కారు. నలభై హారన్లు ఏకధాటిగా మోగుతుంటే, దూరంగా చేలల్లో పక్షులన్నీ లేచిపోయాయి. ఫ్రావ్ బెర్గర్ పెదవి బిగించి ఉంచడానికి చాలా ప్రయత్నించింది, కుదరలేదు. "ఇష్ కపుట్" అని తనలో తను అనుకుని, కౌంటర్ పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

కానీ గడియారం ఏడున్నరే చూపిస్తోంది. నలభై కార్లు, నూట యాభై మంది, రెండున్నర గంటల పొద్దు. ఒక్కరూ వెళ్ళిపోలేదు. పట్టుచీరలు కట్టుకుని వచ్చినవాళ్ళు అంత తేలిగ్గా వెళ్తారా? కార్ల మధ్య దుప్పట్లు పరిచారు. తెరకింద వికెట్లు పాతారు. మైకు చేతులు మారి, నలభై రేడియోల్లో అంత్యాక్షరి మొదలైంది. డాక్టర్ గారి భార్య, ఫ్రావ్ బెర్గర్ ఇద్దరూ కుర్చీలేసుకుని మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ కూర్చోనివ్వలేదు. మంచినీళ్ళు మొయ్యడానికి, పిల్లల బంతులు ఏరడానికి, ప్రతి అయిదు నిమిషాలకీ ఎవరో ఒకరు "ఏమయ్యా కపుట్, చీకటి ఎంతవరకొచ్చింది?" అని అడిగితే జవాబు చెప్పడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ పేరు ఇంకా నన్ను వదల్లేదు. ఇప్పటికీ సంఘం లిస్టులో ముగ్గురు శ్రీనివాస్‌లు ఉంటే, నేను కపుట్ శ్రీనివాస్‌ని.

పదింటికి చీకటి పడింది. బొమ్మ పడింది. అబ్బ, ఏం బొమ్మండీ! హీరో చెయ్యెత్తితే నక్షత్రాలకి తగులుతుందేమో అన్నంత పెద్దగా. ఆ మొదటి ఫైటులో ఎవరు ఎవర్ని కొట్టిందీ అప్పుడు తెలిసింది. నరేష్ దగ్గర కాగితాలు అప్పటికే అయిపోయి, ఎగరెయ్యడానికి ఏమీ లేక చేతులూపాడు. నేను మడత కుర్చీలో కూర్చుని, రెండో పాటకల్లా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ముందు సీట్లలో పెద్దలూ, వెనక సీట్లలో పిల్లలూ నాకంటే ముందే పడుకున్నారట.

మర్నాడు ఆదివారం పొద్దున్నే నేనూ నరేషూ మైదానానికెళ్ళాం, కాగితాలు ఏరడానికి. మేం వెళ్ళేసరికే ఫ్రావ్ బెర్గర్ చీపురు పట్టుకుని ఉంది. తల దించుకుని, ఎదురుగా నిలబడ్డాను.

"సినిమా ఎలా ఉంది?" అన్నాను. మాట కలపాలి కదా.

"నువ్వు చూళ్ళేదా?"

"నిద్రపోయాను."

ఆ సినిమాని చివరిదాకా మేలుకుని చూసింది తెలుగు రాని ఆవిడ ఒక్కతేనట. కథంతా చెప్పింది. తెల్ల చొక్కావాడు చెడ్డవాడు, తల్లి మాట వినకపోతే వాన పడుతుంది, కోపమొచ్చినా ప్రేమ వచ్చినా అందరూ ఒకటే డాన్సు చేస్తారు. తర్వాత నేను ఆ సినిమా టీవీలో చూశాను. ఆవిడ చెప్పినదాంట్లో తప్పు లేదు.

"సారీ ఫ్రావ్ బెర్గర్. వచ్చేసారి పదింటికే పెడతాను," అన్నాను చివరికి.

ఆవిడ చీపురు ఆపింది. నన్ను కొట్టు లోపలికి తీసుకెళ్ళి చూపించింది. ఆలుగడ్డలు లేవు. సాసేజీలు లేవు. ఐస్‌క్రీం పెట్టె ఖాళీ. కెచప్ సీసాలు బోర్లించి ఉన్నాయి. నెల రోజుల సరుకు రెండున్నర గంటల్లో ఊడ్చేశారు మనవాళ్ళు.

"పదింటికా? పిచ్చా నీకు?" అంది ఫ్రావ్ బెర్గర్. "వచ్చేసారి కూడా ఆరున్నరకే పెట్టు!"

ఆ వేసవిలో ఆవిడ కోసం ఇంకో రెండు సినిమాలు వేశాం. గేటు ఆరున్నరకి, బొమ్మ చీకటిపడ్డాక. పోస్టర్ మీద ఆ రెండూ పెద్ద అక్షరాలతో, మూడు భాషల్లో నేనే రాశాను. పంచభూతాల సాక్షిగా, అందులో ముఖ్యంగా అగ్ని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ సూర్యభగవానుడి డైరీ చూడకుండా ఏ ఆటకీ టైం ప్రకటించను. నా తప్పుని పక్కవాళ్ళ మెషీన్ మీదికి తొయ్యను. ఒకవేళ తొయ్యాల్సి వస్తే, వాళ్ళిచ్చిన నిమ్మరసం మాత్రం తాగను.